అక్కయ్యగారి లంక జల విమానాశ్రయం

"ఇకనుంచి గోదావరిని ఎవ్వరూ దాటక్కర్లేదు. గోదావరి మీంచి ఎగిరి వెళతారు!" అని మా రేవులో మైకు పట్టుకుని ప్రకటించారు రాష్ట్ర గగన, జల విహార శాఖామాత్యులు శ్రీ ప్రభాకరరావు గారు.

నిజానికి ఆవేళ జనం వంతెన అడగడానికి వచ్చారు. గౌతమి పాయ నడుమ, సరిగ్గా మా రేవుకి ఎదురుగా ఉంటుంది అక్కయ్యగారి లంక. అక్కడెవరైనా గట్టిగా తుమ్మితే ఇక్కడ మేం చిరంజీవ అంటాం, అంత దగ్గర. వంతెన కోసం అర్జీలు రాసీ రాసీ లంకవాళ్ళ చేతిరాత బాగుపడింది గాని వంతెన రాలేదు. ఈసారి అర్జీని మంత్రిగారు చదవలేదు. చదవకుండానే ప్రజల మనసు గ్రహించడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య.

"వంతెనలు మీ తాతలనాటి టెక్నాలజీ. నేను మీకు లైట్ స్పోర్ట్ విమానం తెస్తున్నాను. దానికి చక్రాలుండవు, ఫ్లోట్లుంటాయి. నీళ్ళమీంచి లేస్తుంది, నీళ్ళమీదే వాలుతుంది. పైలట్ కాకుండా ఇంకొకరు హాయిగా కూర్చోవచ్చు."

"లంకలో వెయ్యిమందిమి ఉన్నామండి," అన్నాడు వెనకనుంచి, రేవులో జనాన్ని దాటించే పంటు నడిపే దానం.

"అందరూ ఒక్కసారే ఎందుకయ్యా వెళ్ళడం? ఊరు ఖాళీ చేస్తారా ఏంటి?" అన్నారు మంత్రిగారు.

ఎంత చక్కటి ప్రశ్న! జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నా పేరు అయ్యప్ప. మా రేవు దగ్గరే కొబ్బరికాయల వ్యాపారం. తీరిక దొరికినప్పుడు పెళ్ళి సంబంధాలు కుదురుస్తుంటాను. ఆ రెండో పనిలో నా పరువంతా లంకలోని కనకమ్మగారి అబ్బాయి కుమారస్వామి దగ్గర ఇరుక్కుపోయి ఉంది. కుర్రాడు బంగారం. కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చి, అరటి తోట, కొబ్బరి తోట చూసుకుంటున్నాడు. చెడు అలవాట్లు లేవు, నెత్తిమీద జుట్టు మాత్రం ఉంది. అయినా ఎన్ని సంబంధాలు తెచ్చినా రేవు దాకా వచ్చి ఆగిపోయేవి. ఆడపిల్లవాళ్ళు వచ్చి గోదారి వైపు చూసేవారు, పంటు వైపు చూసేవారు, నేనిచ్చిన కొబ్బరినీళ్ళు తాగేవారు. "కబురు చేస్తామండి" అని ఎంతో మర్యాదగా వెళ్ళిపోయేవారు. ఒకాయన మాత్రం మర్యాద మరిచిపోయి, "పిల్లని పెంచి పెద్దచేసి గోదాట్లో తోసెయ్యమంటారా అండీ?" అని నన్నే అడిగాడు.

కనకమ్మగారికి భర్త లేడు. ఇంట్లో ఆవిడ, కొడుకు. "కట్నాలొద్దు, కానుకలొద్దు తమ్ముడూ. కోడలు కుడికాలు పెట్టి నా గడప దాటితే అదే పదివేలు. హారతి పళ్ళెం తోమలేక చస్తున్నాను," అనేది నేను కనబడినప్పుడల్లా.

కాబట్టి మంత్రిగారి ప్రసంగం వినగానే నాకు దారి కనబడింది. సాయంత్రానికల్లా పలివెలలో జగ్గారావుగారి వీధి అరుగు మీద కూర్చున్నాను.

"అబ్బాయిది ఏ ఊరన్నారండి?" అన్నారు జగ్గారావుగారు.

"అక్కయ్యగారి లంకండి."

"లంకా? అలాగా అండి. మంచినీళ్ళు తాగి బయల్దేరండి మరి, చీకటి పడిపోతుంది."

"ఊరికి ఎయిర్‌పోర్టు వస్తోందండి."

జగ్గారావుగారు లోపలికి తిరిగి, "ఏవే, ఫిల్టరు కాఫీ పెట్టు, చిక్కగా పెట్టు," అని కేకేశారు.

కాఫీ తాగేలోగా సంబంధం సగం కుదిరింది. ఎయిర్‌పోర్టు ఉన్న ఊరికి పిల్లనిస్తున్నామంటే బంధువుల్లో ఆయన స్థాయి ఎక్కడికి పోతుందో ఆయనే లెక్కవేసుకున్నారు. "మా తోడల్లుడి అల్లుడు పెళ్ళికి పెద్ద కారులో దిగేడండి. అది చూసి మా తోడల్లుడు మీసం తిప్పేడు. మా అల్లుడు విమానంలో దిగాలి. అంతకుమించి నాకేం వద్దండి," అన్నారు.

అమ్మాయి పద్మశ్రీ గ్రామ సచివాలయంలో ఉద్యోగి. తలుపు చాటున నిలబడే రకం కాదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, "మంత్రిగారు మీటింగులో చెప్పేరా బాబాయ్‌గారూ, జీవో వచ్చిందా?" అని అడిగింది.

"మంత్రిగారి మాటే జీవో కదమ్మా."

"మాట వేరండి, జీవో వేరండి," అంది. తర్వాత కుమారస్వామి ఫోటో చూసి, తిరిగివ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది. అంటే ఒప్పుకున్నట్టే. శుభలేఖ మీద 'వరుడు ఆకాశమార్గమున విచ్చేయును' అని బంగారు అక్షరాలతో వేయించారు జగ్గారావుగారు. విమానం వాలడం అందరికీ కనబడాలని పెళ్ళిపందిరి పలివెలలో కాకుండా మా రేవుగట్టు మీదే వేయించారు.

అటు ప్రభుత్వం కూడా చురుగ్గా పనిలోకి దిగింది. త్రిమూర్తులుగారనే ప్రత్యేకాధికారి లంకలో టార్పాలిన్ కింద టేబులు వేసుకుని కూర్చున్నారు. ఆయన వెనకాల 'అక్కయ్యగారి లంక జల విమానాశ్రయం' అని బోర్డు లేచింది. బోర్డు లేచిన పూటనుంచి గోదావరి గోదావరి కాదు, రన్‌వే. రన్‌వే మీద పడవలు తిరగరాదు. వలలు వేయరాదు. గేదెలు దిగరాదు. దానం పంటుని గొలుసు వేసి కట్టేశారు.

"మరి మేం ఎలా దాటాలండి?" అన్నాడు దానం.

"విమానం వస్తుందిగా."

"అది వచ్చేదాకా?"

"వచ్చేదాకా దాటే అవసరం పెట్టుకోకండి," అన్నారు త్రిమూర్తులుగారు. ఆయన కఠినాత్ముడేం కాదు. పాలకి, కొబ్బరికాయలకి, రోగులకి పాసులిచ్చి, పొద్దున్నే తన లాంచీలో ఒక్క విడత పంపించేవారు. కొబ్బరికాయల కోటాలో నాకూ పాసు వచ్చింది. పెళ్ళివారికి మాత్రం రాలేదు. పెళ్ళి అనే కేటగిరీ లేదట. కనకమ్మగారు కొడుకు పెళ్ళికి రావాలంటే ముందు రోగమైనా తెచ్చుకోవాలి, కొబ్బరికాయైనా అవ్వాలి.

విమానం ప్రారంభోత్సవం, కుమారస్వామి పెళ్ళి ఒకే రోజుకి వచ్చాయి. విమానం ముందురోజే వచ్చింది. నిజం చెప్పాలి కదా, నా ఒళ్ళు పులకరించింది. తెల్లటి చిన్న విమానం, కాళ్ళకి రెండు పొడుగాటి దోనెల్లాంటి ఫ్లోట్లు. కొబ్బరిచెట్ల తలల మీంచి వంగి వచ్చి, నీళ్ళమీద రెండు గీతలు గీసుకుంటూ వచ్చి మెత్తగా ఆగింది. లంకంతా నోరు తెరిచి చూసింది. నడిపింది మా రాజోలు పిల్లే, కెప్టెన్ విజయదుర్గ. పై దేశంలో నేర్చుకుని వచ్చింది. దిగీ దిగగానే ఫ్లోట్ల మీద చిన్న మూతలు తీసి, లోపల చెమ్మ ఉందేమోనని చేతిపంపుతో లాగి చూసుకుంది.

"ఇది తేలికపాటి విమానం అండి. ప్రతి కేజీ లెక్కే. ఎక్కేవాళ్ళని తూచాలి," అంది. నా కొబ్బరి కాటా తెప్పించారు.

మొదట మంత్రిగారు కాటా ఎక్కారు. ముల్లు కదిలిన తీరు చూసి మేమంతా మర్యాదకి ఆకాశం వైపు చూశాం.

"సార్, మీరు, నేను, పెట్రోలు. ఈ ముగ్గుర్లో ఒకరు దిగిపోవాలి," అంది విజయదుర్గ.

"పెట్రోలు దింపెయ్యమ్మా," అన్నాడు మంత్రిగారి పి.ఏ.

కాసేపు చర్చలు జరిగాయి. చివరికి మంత్రిగారు కాటా దిగి, "తొలి విమానయోగం నాకొద్దు. ఒక సామాన్యుడికి దక్కాలి. పెళ్ళికొడుకు ఉన్నాడన్నారే, అతన్ని ఎక్కించండి," అన్నారు. ఎంత త్యాగం! ఎన్ని కేజీల త్యాగమో కాటాకి తెలుసు. కుమారస్వామి పీచులాంటి మనిషి, సునాయాసంగా పాసయ్యాడు.

మర్నాడు పొద్దున లంక రేవు కిటకిటలాడింది. బాసికం కట్టుకుని, బుగ్గన చుక్కతో కుమారస్వామి విమానం పక్కన నిలబడ్డాడు. విజయదుర్గ తలుపు తీసి, "రండి అన్నయ్యగారూ, గాలి బాగుంది, నీళ్ళమీద చిన్న అల ఉంది. ఇదే మంచి సమయం, తేలిగ్గా లేస్తాం," అంది.

"మరి పూజో?" అన్నారు సర్పంచి పెద్దింట్లమ్మగారు.

కోనసీమలో సైకిలు కొన్నా కొబ్బరికాయ కొట్టనిదే కదలదు. ఇది విమానం. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడదామంటే చక్రాల్లేవు. ఫ్లోట్ల కింద పెడితే నిమ్మకాయలు తేలుకుంటూ వెళ్ళిపోయాయి. ఆ అరిష్టం పోవాలంటే ఇక కొబ్బరికాయే గతి అని పెద్దలు తేల్చారు.

"నేలమీద కొట్టండి. ఫ్లోటు మీద వద్దు, లోపల బోలుగా ఉంటుంది," అంది విజయదుర్గ.

"బండికి కొట్టాల్సిన కాయ నేలకి కొడతారా ఎక్కడైనా?" అని నవ్వేశారు మంత్రిగారు. ఆయన లంకంత ఉత్సాహంతో చెయ్యెత్తి ఎడమ ఫ్లోటు ముక్కు మీద టెంకాయ కొట్టారు. టీవీ వాళ్ళకి సరిగ్గా పడలేదంటే మళ్ళీ కొట్టారు. తర్వాత పెద్దింట్లమ్మగారు, తర్వాత త్రిమూర్తులుగారు, ఆపైన వరసలు పిలిచి మరీ బంధువులు. ఒకరు కొట్టి ఇంకొకరు కొట్టకపోతే మాటపట్టింపు కదా. విజయదుర్గ అడ్డం నిలబడితే కుడి ఫ్లోటు వైపు నుంచి వెళ్ళి కొట్టారు. కాయలన్నీ నావే. బాగా ముదిరినవి, రాయిలా ఉంటాయి.

అది అయ్యాక కావిడి వచ్చింది. పెళ్ళికొడుకు వట్టి చేతుల్తో వియ్యాలవారి గుమ్మం తొక్కడం మా వైపు చచ్చినా జరగదు. అరటిగెలలు, మినపసున్ని డబ్బాలు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు వరసగా విమానంలోకి నడిచాయి. విజయదుర్గ కుడి తలుపులోంచి దింపుతుంటే మేనత్తలు ఎడమ తలుపులోంచి ఎక్కించారు.

"అమ్మా, బరువు! బరువమ్మా!" అంటోంది పాపం ఆ పిల్ల.

"పూతరేకులకి బరువేంటమ్మా, కాగితాలేగా!" అంది పెద్ద మేనత్త, ఇంకో పెట్టె తోస్తూ.

ఆఖర్న కనకమ్మగారు వచ్చి, కొడుకు ఒళ్ళో సున్నుండల డబ్బా పెట్టి, తల నిమిరింది. "నేను ఇక్కణ్ణించే చూస్తాన్రా. పిల్లని తీసుకుని తొందరగా వచ్చెయ్యి," అంది. నేను మంత్రిగారి పి.ఏ. దగ్గరికి వెళ్ళి, లాంచీలో ఆవిడకి చోటివ్వమని బతిమాలాను. లాంచీ ప్రోటోకాల్‌వాళ్ళకే అన్నాడు. మరి నేనెలా ఎక్కానంటారా, మంత్రిగారి పూలదండలు మోసేవాడు కావలసి వచ్చాడు.

ఇంజను హోరెత్తింది. విమానం గోదారి వాలున పరుగు తీసింది. ఫ్లోట్లు ముందు నీటిపైకి లేచి జారాలి, ఆ జారుడు ఊపులోనే గాల్లోకి లేవాలి, అలా చెప్పింది విజయదుర్గ. ముక్కయితే లేచింది. తోక లేవలేదు. నీళ్ళు చిమ్ముకుంటూ ఆ వంపు దాకా వెళ్ళి, తిరిగి ఈ వంపు దాకా వచ్చింది. మేళంవాళ్ళు వాయించీ వాయించీ డస్సిపోయారు. మూడోసారికి ఎడమ ఫ్లోటు ఒరిగి, అందులోంచి కొబ్బరిపీచు తేలడం లాంచీలోంచి నాకే కనబడింది.

"ఎగురుతోంది! ఎగురుతోంది!" అన్నారు మంత్రిగారు.

"నీళ్ళమీదే ఉందండి," అన్నాను.

"తక్కువ ఎత్తులో ఎగురుతోందయ్యా," అన్నారు. 

విజయదుర్గ తెలివైన పిల్ల. ఇక లేవదని తేల్చుకుని, విమానాన్ని పడవలా తిప్పి మా రేవు వైపు తోలింది. మా లాంచీ దాని వెనకే వచ్చి ఒడ్డు చేరింది. రేవుగట్టు మీద జగ్గారావుగారి బంధుగణమంతా కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళ కాళ్ళదగ్గర, మోకాలి లోతు నీళ్ళలో, సున్నుండల డబ్బా నెత్తిన పెట్టుకుని తేలాడు. తోడల్లుడుగారు మీసం మీద చెయ్యి వేశారు.

జగ్గారావుగారి ముఖం నల్లబడింది. "ఏవండీ అయ్యప్పగారూ, ఆకాశమార్గం అని అచ్చు వేయించేనండి. ఇదేం మార్గమండి? ఇలాంటి ఊరికి పిల్లనిచ్చేదెలాగండి?" అన్నారు. ఆవలి ఒడ్డున తెల్లటి చుక్కలా నిలబడిన కనకమ్మగారిని చూడ్డానికి నాకు మొహం చెల్లలేదు.

అప్పుడు ఆదుకున్నారు మంత్రిగారు. పెళ్ళిమేళంవాళ్ళ మైకు అందుకుని, "గోదావరిపై తొలి విమానయాత్ర దిగ్విజయం!" అన్నారు.

"విమానం లేవలేదు కదండీ?" అన్నాడు టీవీ కుర్రాడు.

"ఎగరడం ముఖ్యమా, దాటడం ముఖ్యమా? ఈ వరుడు దాటేడా లేదా? ఎగిరే విమానం ఎవడైనా తెస్తాడయ్యా. ఎగరకుండానే పని జరిపించడంలో ఉంది పరిపాలన!"

అని, జగ్గారావుగారి భుజమ్మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. మంత్రి చెయ్యి భుజమ్మీద పడ్డాక వియ్యంకుడికి ఇక లోటేముంది? తోడల్లుడుగారి మీసం కిందికి దిగింది. బాజాలు మోగాయి. తాళి కట్టే వేళకి నా ఫోను మోగింది.

"తమ్ముడూ, మేళం గట్టిగా వినబడుతోంది. కట్టేడా?"

"కట్టేడక్కా."

"అయితే నేనూ వేస్తున్నాను," అంది కనకమ్మగారు. అవతలి ఒడ్డున చెయ్యి పైకి లేచింది. అక్షింతలు గోదాట్లో పడ్డాయి. నాకు కళ్ళు చెమర్చాయి, దండలు మోసీ మోసీ పడిశం పట్టిందని పక్కవాడికి చెప్పాను.

విమానం ఏమైందంటారా? ఫ్లోట్లకి చిల్లులు పడ్డాయి. రెక్కలు విప్పి లారీ మీద ఎక్కించారు. విజయదుర్గ లారీ ముందు సీట్లో కూర్చుని, మాకెవ్వరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. రావులపాలెం దగ్గర వంతెన మీంచి చక్కగా గోదావరి దాటిందని తర్వాత తెలిసింది.

ప్రభుత్వం పనిచేసే వేగం చూడండి, ఆ దిగ్విజయాన్ని ఖాయం చేస్తూ సాయంత్రానికల్లా జీవో వచ్చేసింది. అప్పటికి పెళ్ళికూతుర్ని అప్పగించి, దంపతులిద్దర్నీ రేవుకి తెచ్చాం. గృహప్రవేశానికి పొద్దు గుంకేలోగా మంచి గడియ ఉంది. దానం పంటు మాత్రం ఇంకా గొలుసుతోనే ఉంది.

"విమానాశ్రయంలో పడవ నడపకూడదండి. విమానం అయితేనే వదుల్తాను," అన్నారు త్రిమూర్తులుగారు, లాంచీలోంచి.

"విమానం లారీలో వెళ్ళిపోయింది కదండీ?" అన్నాడు దానం.

"విమానాశ్రయం ఉందిగా!"

కుమారస్వామి డీలా పడిపోయాడు. జగ్గారావుగారు, "పోనీలెండి, అల్లుడు మా ఇంట్లోనే ఉంటాడు. రెండు గదులున్నాయి," అన్నారు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు. అవతల హారతి పళ్ళెం వెలుగు అటూ ఇటూ కదులుతోంది. ఇన్నేళ్ళకి కోడలు వచ్చి, ఎదటి ఒడ్డునే ఆగిపోతే ఆ తల్లి ఏమైపోతుంది?

పద్మశ్రీ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, సెల్‌ఫోన్ తీసింది. "సార్, జీవో చదివేరా అండి? 'ఎగురుటతో నిమిత్తము లేకుండా, రెండు ఫ్లోట్లపై నిలిచి, ఇంజను సాయముతో నీటిమీదుగా గోదావరిని దాటు వాహనమును జల విమానముగా పరిగణించవలెను.' మంత్రిగారి సంతకం ఉందండి."

"ఉంది. అయితే?"

"ఈ పంటు దేనిమీద నిలబడిందండి?"

త్రిమూర్తులుగారు దిగి వచ్చి చూశారు. రెండు పడవలు పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిస్తే పంటు. రెండు పడవలు, అంటే రెండు ఫ్లోట్లు. వెనకాల డీజిల్ ఇంజను. ఆయన చుట్టూ తిరిగి చూశారు, జీవో మళ్ళీ చదివారు, పై అధికారికి ఫోను చేశారు. "ఆయ్... ఆయ్... చిత్తం," అని పెట్టేశారు.

"విమానమేనట. కాకపోతే రెక్కలు ఉంటే ఇన్‌స్పెక్షన్‌కి బాగుంటుందన్నారు."

దానం పందిరినుంచి రెండు కొబ్బరాకు తడికలు ఊడబెరికి అటొకటి ఇటొకటి కట్టాడు. గొలుసు తీశారు. దానంని ఇకమీదట కెప్టెన్ అని పిలవాలన్నారు.

"ఎక్కండమ్మా. ఒక్కరే ఎక్కాలి. పైలట్, ఒక ప్రయాణికుడు, అంతే. మంజూరైన విమానం రెండు సీట్లది," అన్నారు త్రిమూర్తులుగారు.

"ముప్పైమంది ఎక్కే పంటండి!" అన్నాడు కెప్టెన్ దానం.

"అది పంటుగా ఉన్నప్పుడు."

ముందు పెళ్ళికూతురు వెళ్ళాలా, పెళ్ళికొడుకు వెళ్ళాలా? వాళ్ళిద్దరికీ కొంగులు కట్టి బ్రహ్మముడి వేసి ఉంది. గడప తొక్కేదాకా ఆ ముడి విప్పకూడదని ముత్తైదువలు గొడవకి దిగారు. త్రిమూర్తులుగారు కూడా సంసారే, ఇంట్లో ఆడవాళ్ళ మాట దాటే మనిషి కాదు. చాలాసేపు ఆలోచించి, "ముడి పడ్డాక భార్యాభర్తలు ఒకటే అంటారు కదా. ఒకరుగా రాసుకుంటాను," అన్నారు.

ఆ మాట వినడంతోటే నేను నా కండువా కొసని కుమారస్వామి ఉత్తరీయానికి ముడివేశాను. నా చొక్కాకి జగ్గారావుగారు తన తువ్వాలు కట్టుకున్నారు. ఆయనకి వాళ్ళావిడ, ఆవిడకి మేళంవాళ్ళు. త్రిమూర్తులుగారు ముళ్ళన్నీ ఒక్కొక్కటే లాగి చూసుకుని, "ఒకరు," అని రాసుకున్నారు.

అలా అందరం ఒక్క మనిషిమై లంకలో దిగాం. పద్మశ్రీ కుడికాలు గడపలో పెడుతుంటే, వెనకాల మేమంతా ఆ ముడితో పాటే గుమ్మంలో ఇరుక్కున్నాం. కనకమ్మగారికి హారతి ఇవ్వడానికి చేతులాడలేదు. "వచ్చేవా తల్లీ, వచ్చేవా," అంటూ అలా ఏడుస్తూనే ఉంది.

ఇప్పుడు లంకలో జనమంతా అలాగే దాటుతున్నారు. పొద్దున్నే రేవులో పమిటలు, లుంగీ కొసలు, కండువాలు, పాల క్యాన్ల తాళ్ళు కలిపి ముళ్ళేసుకోవడం ఒక పనైపోయింది. పద్మశ్రీ రోజూ ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు చున్నీ కొసని పాలవాడి తుండుగుడ్డకి కట్టుకుంటుంది. కోడలు విసుక్కోదు గాని, జగ్గారావుగారు విసుక్కుంటున్నారు. వానాకాలం గోదారి ఎర్రబడేలోగా వంతెన పని మొదలవకపోతే కూతుర్నీ అల్లుణ్ణీ పలివెల తీసుకుపోతానని మొన్న తేల్చి చెప్పేశారు. కనకమ్మగారికి నిద్ర పట్టడం లేదు. అందుకే లంకంతా మళ్ళీ వంతెన అర్జీ పెట్టింది. ఈసారి ప్రభుత్వం వెంటనే స్పందించి సర్వేకి ఇంజనీర్లని పంపింది. వాళ్ళు త్రిమూర్తులుగారి టేబులు దగ్గర కొబ్బరినీళ్ళు తాగి, ఆయన రాసుకున్న కాగితాలు పట్టుకెళ్ళారు.

నిన్న మంత్రిగారికి మా రేవులో సన్మానం. దేశంలో ఏ జల విమానాశ్రయానికీ లేనన్ని రాకపోకలు మాకు ఉన్నాయట. సభకి లంకవాళ్ళంతా పంటులో వచ్చారు. నేనూ పొద్దున కాయలకోసం అటు వెళ్ళి, వాళ్ళతోపాటే తిరిగొచ్చాను. ముళ్ళు విప్పుకునే తీరిక లేక అలాగే కూర్చున్నాం. మమ్మల్ని చూసి మంత్రిగారు ముచ్చటపడి, "ఐకమత్యమంటే ఇదీ!" అన్నారు. తర్వాత సర్వే రిపోర్టు తీశారు. కనకమ్మగారు నా పక్కన రెండు చేతులూ జోడించింది.

"వంతెన విషయంలో ప్రభుత్వం చిత్తశుద్ధితో అధ్యయనం చేసింది. ఇన్నాళ్ళ లెక్కలూ తీయించేను. ఏ ట్రిప్పు చూసినా లంకనుంచి దాటుతున్నది ఒకే ఒక్క మనిషి! ఆ ఒక్కరి కోసం వంతెన కడితే ప్రజలు నన్ను క్షమిస్తారా? మీరే చెప్పండి!"

మేం చప్పట్లు కొట్టాం. ఒకరు కొడితే, ముడి లాగి, అందరి చేతులూ కదులుతాయి.

చప్పట్లు ఆగాక కనకమ్మగారు నా కండువా పట్టుకుని గుంజింది. సభంతా కలయజూసి, నా చెవిలో అడిగింది.

"ఆ ఒక్క మనిషీ ఎవరంట, తమ్ముడూ?"